చదివించినవాళ్ళ ఊసే లేదు

రేనాటి చోఴుల శాసనాల్లో ఒక అక్షరం ఉంది: ఴ. నాలుక కొసని వెనక్కి మడిచి పలకాలి. తమిళంలో, మలయాళంలో అది ఇప్పటికీ బతికే ఉంది. మన నోట ‘డ’గా మారిపోయి, చోఴులు చోడులయ్యారు. 2014లో యూనికోడ్ 7.0 దానికి చోటు ఇచ్చేదాకా కంప్యూటర్లో తెలుగు లిపిలో ఆ అక్షరం రాసే ప్రామాణికమైన దారే లేదు. దారి దొరికాక కూడా కష్టం తీరలేదు. చాలా ఫాంట్లలో దానికి రూపం ఉండేది కాదు. ఫోన్లో పుస్తకం తెరిస్తే ‘చో’ పక్కన ఒక ఖాళీ డబ్బా, దాని పక్కన ‘లు’. ఒక రాజవంశం పేరు నడుమ గుంత తవ్వినట్టు ఉండేది.

ఆ గుంత పూడ్చడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అక్షరం ఉన్న ఫాంటు వెతకాలి. దాన్ని పుస్తకం ఫైల్లోనే పొదగాలి. గుణింతపు గుర్తులు దాని మీద సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో మూడు రకాల ఫోన్లలో, ఒక పాత టాబ్లెట్లో తెరిచి చూడాలి. ఒకచోట కొమ్ము అక్షరానికి అంటుకోకుండా పక్కన విడిగా నిలబడింది. దాన్ని సరిచేస్తే ఇంకోచోట వత్తు జారింది. పదకొండో రోజు రాత్రి ‘చోఴులు’ అని నిండుగా కనపడింది. అప్పటికి ఇంట్లో అందరూ నిద్రపోయారు. గొంతు తగ్గించి నాలో నేనే ఒకసారి చదువుకున్నాను.

ఆ శాసనాల సంపుటి వెలువడింది. ముందుమాటలో సంపాదకుడికి, సలహా మండలికి, రాతి మీద కాగితం అద్ది ఎస్టాంపేజీలు తీసినవారికి, నిధులు సమకూర్చినవారికి, సమావేశాలకి గది ఇచ్చినవారికి కూడా ధన్యవాదాలు ఉన్నాయి. అవన్నీ న్యాయమైనవే. నా పేరు లేదు. నాతో పాటు మూడు నెలలు కూర్చుని అక్షరమక్షరం సరిచూసిన అమ్మాయి పేరూ లేదు. అడిగితే ఆ సంపుటి వేసిన సంస్థలో ఒక పెద్దమనిషి, కోపమేమీ లేకుండా, చాలా మామూలుగా, “మీరు చేసింది కన్వర్షనే కదండీ” అన్నారు.

ఆ ‘కన్వర్షనే కదా’ అన్న మాట గురించే ఇది రాస్తున్నాను. నా పేరు కోసమూ రాస్తున్నాను, ఆ అమ్మాయి పేరు కోసమూ రాస్తున్నాను. అంతకంటే ముఖ్యంగా, ఆ మాట అన్నవారికి మేం చేసేది ఏమిటో నిజంగా తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఒక శాసనాన్ని గానీ తాళపత్ర కావ్యాన్ని గానీ పరిష్కరించే పండితుల్లో కొందరు ఇప్పుడు దాన్ని నేరుగా పుస్తకంలా టైపు చెయ్యడం లేదు. ప్రతి చిన్న సంగతికీ ఒక గుర్తు తగిలిస్తున్నారు. ట్యాగు అంటాం. ఇది రాతి మీద స్పష్టంగా ఉన్న అక్షరం, ఇది అరిగిపోయి అనుమానంగా ఉన్నది, ఇక్కడ మూడు అక్షరాలు పోయాయి, ఇది సంపాదకుడు పూరించింది, ఇక్కడ చెక్కినవాడు పొరపాటు పడ్డాడు, సరైన రూపం ఇది. ఈ గుర్తులకి లోకంలో ఎక్కువమంది ఒప్పుకున్న పద్ధతి టీఈఐ. 1987లో అమెరికాలోని పొకీప్సీ ఊళ్ళో, వాసర్ కాలేజీలో జరిగిన ఒక సమావేశంతో మొదలైంది. శాసనాల కోసం అందులోంచి ఎపిడాక్ అనే పద్ధతి పుట్టింది. ఇదంతా మనకి దూరపు సంగతి కాదు. ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే, వాళ్ళ సహచరులు కలిసి ఆంధ్రదేశపు తొలి శాసనాలని ఈ పద్ధతిలోనే కూర్చారు. నాగార్జునకొండ స్తూపం ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి చెక్కించిన దానశాసనాలు అందులో ఉన్నాయి. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. అక్షరాలు ట్యాగుల నడుమ ఉన్నాయి.

ట్యాగుల నడుమ ఉన్న అక్షరాన్ని మామూలు మనిషి చదవలేడు. రాతి మీద ఒక్క పంక్తి ఉంటే ఫైల్లో పది పంక్తులవుతుంది. కోణపు గుర్తులు, ఇంగ్లీషు మాటలు, అంకెలు. వాటి మధ్య మట్టిలో పడ్డ బియ్యపు గింజల్లా అక్కడొకటీ ఇక్కడొకటీ అసలు అక్షరాలు. ఆ ఫైల్లోంచి ఒక వెబ్ పేజీ, ఒక పీడీఎఫ్, ఫోన్లో చదువుకునే ఒక ఈపబ్ పుట్టించాలి. దానికి స్టైల్‌షీటు రాస్తాం. ఫలానా ట్యాగు ఎదురైతే ఫలానా విధంగా చూపించు, అది ఫలానా దాని లోపల ఉంటే ఇంకోలా చూపించు అని చెప్పే నియమాల పట్టీ అది. ఒక సంపుటికి అలాంటి నియమాలు వందల్లో ఉంటాయి. ఒక్కో నియమం వెనకా ‘చదివేవాడికి ఇక్కడ ఏం తెలియాలి’ అన్న ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నకి జవాబు సంపాదకుడు రాసిపెట్టి వెళ్ళడు. మేం వెతుక్కోవాలి.

ఒక చోటు ఊహించండి. దానమిచ్చిన భూమి కొలత చెప్పే దగ్గర రాయి పెచ్చు లేచిపోయింది. మిగిలింది ‘బది మఱుతుర్లు’ అన్నంతవరకే. ఆ ముందున్నది ఏమై ఉంటుంది? ఏఁబది కావచ్చు, ఎనుబది కావచ్చు, తొంబదీ కావచ్చు. సంపాదకుడు పోయిన చోటు వెడల్పు కొలిచి, అదే రాజు ఇచ్చిన వేరే దానాలు చూసి, ‘ఏఁ’ అని పూరించాడు. నిజాయితీపరుడు కాబట్టి అది తన పూరణ అని ట్యాగు పెట్టాడు. 1931లో లైడెన్‌లో విద్వాంసులు కూర్చుని ఒప్పుకున్న ఆనవాయితీ ప్రకారం పుస్తకంలో దాన్ని చదరపు బ్రాకెట్లో చూపించాలి: [ఏఁ]బది. ఆ బ్రాకెట్టు ఫైల్లో ఉండదు. ఫైల్లో ఉండేది ట్యాగు. ట్యాగుని బ్రాకెట్టుగా మార్చే నియమం నేను రాయకపోతే, లేదా తప్పుగా రాస్తే, తెర మీద ‘ఏఁబది’ అని నున్నగా వచ్చేస్తుంది. పండితుడి ఊహ రాయి చెప్పిన సాక్ష్యం అయిపోతుంది. రేపు ఒక పరిశోధక విద్యార్థి యాభై మఱుతుర్లు అని తన సిద్ధాంత గ్రంథంలో రాస్తాడు, దాన్ని చూసి ఇంకొకరు రాస్తారు. ఆ కాలంలో ఒక బ్రాహ్మడికి ఎంత భూమి ఇచ్చేవారో లెక్క కట్టేవాళ్ళు ఆ యాభైని కూడికలో వేసేస్తారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. రెండు చిన్న గీతలు పోయాయి, అంతే.

పైగా ఆ ఆనవాయితీ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఒక గ్రంథమాలలో చదరపు బ్రాకెట్టు అంటే పోయిన అక్షరం, ఇంకోదానిలో మసకగా ఉన్న అక్షరం. రెండిటి ఫైళ్ళూ ఒకే సంపుటిలో చేరితే దేన్ని దేనికి లొంగదియ్యాలి? ఇది పండితుల మధ్య తేలాల్సిన విషయం, కానీ తేలకుండానే మా బల్ల మీదికి వస్తుంది. ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, పాత సంపుటాలు తిరగేసి తేల్చుకుంటాం.

పద్యశాసనాల సంగతి ఇంకా కష్టం. అద్దంకిలో పండరంగడి శాసనం 848 నాటిదంటారు. అందులో తరువోజ ఉంది. మన పద్యం ఎంత పాతదో చెప్పే సాక్ష్యాల్లో అదొకటి. చెక్కినవాడు పాదం చూసి పంక్తి విరవడు, రాయి అంచు వచ్చినచోట విరుస్తాడు. మాట మధ్యలో విరిగినా అతనికి పట్టింపు లేదు. శాసన పరిశోధకుడికి రాతి పంక్తులు కావాలి, ఎందుకంటే ఏ అక్షరం ఎక్కడుందో ఎస్టాంపేజీతో పోల్చుకోవాలి. ఛందస్సు తెలిసిన పాఠకుడికి పాదాలు కావాలి, ఎందుకంటే యతి ఎక్కడ పడిందో చూసుకోవాలి. రెండు విభజనలూ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి. పాదాలుగా పేర్చి, రాతి పంక్తి మొదలయ్యేచోట చిన్న అంకె వేస్తాం. ఆ అంకె మాట మధ్యలో పడితే మాట రెండుగా చీలకూడదు. కాపీ చేసుకుంటే అంకె మాటతో పాటు రాకూడదు. వెతికితే మాట దొరకాలి. ఇవన్నీ కుదిరిన పేజీని చూసినవాడికి అక్కడ ఏదో పని జరిగినట్టే తెలియదు. మా పని బాగా జరిగితే కనపడదు. మమ్మల్ని ఎవరూ చూడకపోవడానికి సగం కారణం అదేనని నాకు తెలుసు.

లిపి మార్పు దగ్గర గుండె దడదడలాడుతుంది. ఈ ఫైళ్ళు ఎక్కువగా రోమన్ లిపిలో, మీద గీతలు కింద చుక్కలు పెట్టి ఉంటాయి. తెలుగు పాఠకుడికి తెలుగు లిపిలో ఇవ్వాలంటే మార్చాలి. పట్టిక రాసి మీట నొక్కితే సరిపోతుందని అంటారు. కానీ పాత లిపిలో ఎకారానికీ ఏకారానికీ తేడా చూపించేవారు కాదు. ఒకే గుర్తు. సంస్కృతంలో హ్రస్వమైన ఎ లేదు కాబట్టి చాలామంది రోమన్‌లో ఏకారం మీద గీత పెట్టరు. గీత లేకపోయినా అది ఏ. అదే తెలుగు మాటలో గీత లేకపోతే ఎ. ఒకే తామ్రశాసనంలో రాజు ప్రశస్తి సంస్కృతంలో, పొలిమేరల వివరాలు తెలుగులో ఉంటాయి. ఏ మాట ఏ భాషదో ట్యాగు చెప్పాలి, ఆ ట్యాగు చూసి పట్టిక మారాలి. ఊరి పేరు సంస్కృత వాక్యం మధ్యలో వస్తే? ఆ పేరుకి విడిగా ట్యాగు లేకపోతే? అప్పుడు ఆ ఊరి పేరు ఎకారమా ఏకారమా అని ఇప్పటి ఊళ్ళ పేర్లతో పోల్చి చూస్తూ కూర్చుంటాం. ఒక్క అక్షరానికి ఒక మధ్యాహ్నం పోయిన రోజులున్నాయి.

తాళపత్ర ప్రతుల పాఠాంతరాలు ఉన్న కావ్యమైతే ఇంకో ప్రమాదం. ఒక ప్రతిలో ‘తలఁపు’ అనీ ఇంకో ప్రతిలో ‘వలపు’ అనీ ఉంటే ఫైల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి స్వీకరించిన పాఠం, ఒకటి పాఠాంతరం అన్న ట్యాగులతో. తొందరపడి ట్యాగులు పీకేస్తే పాదంలో ‘తలఁపు వలపు’ అని రెండూ వచ్చి కూర్చుంటాయి. అలా వచ్చిన ఈపబ్‌ని నేను చూశాను. పాదాలన్నీ బరువెక్కి, గణాలు చెదిరి, యతి ఎక్కడికో పోయి ఉంది. దాన్ని చదివిన కుర్రాడొకడు ఆ కవికి ఛందస్సు రాదనుకున్నాడు. పరిష్కర్త జీవితమంతా పెట్టి చేసిన పని అది.

ఇప్పుడు కృత్రిమ మేధకి ఇస్తే క్షణంలో చేసేస్తుందని వింటున్నాను. నేనూ ఇచ్చి చూశాను. రాయి విరిగిన చోట అది ఆగలేదు. ఖాళీని భరించలేక పూడ్చేసింది. బ్రాకెట్లు పోయాయి, అరసున్నలు పోయాయి, ఱ అంతా ర అయింది. చదవడానికి హాయిగా ఉంది. ఒక్క పంక్తిని కూడా నమ్మడానికి లేదు. దాన్ని పనిముట్టుగా వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, నేనూ వాడతాను. కానీ అది ఇచ్చినదాన్ని రాతితో పోల్చి సరిచూసే మనిషి ఒకడు ఉండాలి, ఆ మనిషికి ఒక పేరు ఉండాలి.

పేరు అంటే పొగడ్త మాత్రమే అనుకోకండి. నేను ఒకసారి తప్పు చేశాను. పోయిన అక్షరాలు ఎన్నో చెప్పే అంకెని నా నియమం చదవలేదు, ఎన్ని పోయినా ఒకే చుక్క చూపించింది. మూడు అక్షరాల గుంతకీ తొమ్మిది అక్షరాల గుంతకీ తేడా తెలియకుండా ఆ పేజీలు ఏడాదిన్నర జనంలో తిరిగాయి. ఎవరైనా అనుమానపడి ఉన్నా ఎవరిని అడుగుతారు? పుస్తకంలో సంపాదకుడి పేరు ఉంది, ఆయన ఫైల్లో అంకె సరిగ్గానే పెట్టాడు. తప్పు నాది, నేను పుస్తకంలో లేను. చివరికి నేనే పట్టుకుని సరిచేశాను. పేరు లేనివాడికి పేరు చెడుతుందన్న భయం కూడా ఉండదు. తప్పు దిద్దడమంతా అతని మంచితనం మీదే నడవాలి. విద్వత్తు అలా నడవకూడదు.

కూలి సంగతీ చెప్పాలి, చెప్పకపోతే ఈ మాటలన్నీ గాలిలో ఉంటాయి. మాకు టైపింగుకి ఇచ్చినట్టే పేజీ లెక్కన కడతారు. నియమాలు రాయడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలకి పేజీలు లేవు. ఫైళ్ళు మాకు వచ్చేది ఆవిష్కరణ సభ తేదీ ఖాయమయ్యాక. ప్రాజెక్టు మొదట్లో, ట్యాగులు ఎలా పెట్టాలో నిర్ణయించుకునేటప్పుడు, మమ్మల్ని ఒక్క పూట పిలిచి కూర్చోబెట్టుకుంటే తర్వాత పడే అవస్థలో సగం తప్పుతుంది. పిలవరు. పని అయ్యాక స్టైల్‌షీటు కావాలని కూడా అడగరు, పీడీఎఫ్ పంపితే చాలంటారు. ఒక సంస్థ వెబ్‌సైటు మూతపడినప్పుడు ట్యాగుల ఫైళ్ళు హార్డ్ డిస్కులో భద్రంగా మిగిలాయి. వాటిని చదివించే నియమాలు ఎవరూ దాచలేదు. ఆ శాసనాలు ఇప్పుడు ఉన్నాయనాలో లేవనాలో నాకు తెలియడం లేదు.

బయటి దేశాల్లో అంతా బాగుందని నేను అనను. కానీ సెబాస్టియన్ రాట్జ్ అనే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉండేవాడు. టీఈఐ ఫైళ్ళని వెబ్ పేజీగా, వర్డ్ ఫైలుగా, ఈపబ్‌గా మార్చే స్టైల్‌షీట్లని ఏళ్ళ తరబడి రాసి, నిర్వహించి, అందరికీ ఉచితంగా ఇచ్చాడు. నేను పని నేర్చుకున్నది ఆయన రాసిన నియమాలు చదివే. ఎక్కడ చిక్కు వస్తుందో ఆయనకి ముందే తెలిసినట్టు ఉంటుంది ఆ రాత. 2016లో పోయాడు. టీఈఐ వాళ్ళు ఆయన పేరు మీద ఒక బహుమతి పెట్టారు. ఏ గ్రంథాన్నీ పరిష్కరించినందుకు కాదు, గ్రంథాల్ని చదువుకునేలా చేసే పనిముట్లు చేసినందుకు ఒక మనిషి పేరు నిలబెట్టారు. ఆ వార్త చదివిన రోజు నాకు కడుపు నిండినట్టయింది. మన దగ్గర ఇలాంటి పనికి గౌరవం సంగతి తర్వాత, దానికంటూ ఒక మాట కూడా లేదు. ‘సాంకేతిక సహకారం’ అంటారు, కరెంటు బాగుచేసినా అదే మాట.

ఇలా పేరు చెప్పకపోవడం మన ఆచారం కాదు. రాజరాజ నరేంద్రుడి కోరుమెల్లి తామ్రశాసనం చివర చూడండి. కావ్యం రాసినవాడు చేతనభట్టు అని ఉంది. లేఖకుడు గండాచార్యుడు అని కూడా ఉంది. శ్లోకాలు కట్టిన పండితుడి పక్కనే, వాటిని రేకు మీద కంటికి కనపడేలా చేసినవాడి పేరు. వెయ్యేళ్ళ కిందట రాజమహేంద్రవరంలో ఏలిన రాజుకి ఆ రెండోవాడు కూడా చెప్పుకోదగ్గవాడేనని తెలిసింది. తాళపత్రాలకి ప్రతి రాసిన లేఖకులు కూడా ఆఖరి ఆకు మీద తమ పేరు, ఊరు, రాయడం ముగించిన తిథి వేసుకునేవారు, తప్పులుంటే మన్నించమని పాఠకుడికి దణ్ణం పెట్టేవారు.  ఈ రోజు మేం ఆ గండాచార్యుడు చేసిన పనే చేస్తున్నాం, అతని రేకుల మీది అక్షరాలనే మోస్తున్నాం. అతని పేరు నేను ఒక సంపుటిలో ట్యాగులోంచి తీసి తెర మీద పెట్టాను. అదే పుస్తకంలో నా పేరుకి చోటు లేదు.

సంపాదకులారా, మీ పని ముందు మా పని చిన్నదే. రాతి ముందు ఎండలో కూర్చున్నది మీరు. కానీ మీరు పెట్టిన ప్రతి ట్యాగూ మా చేతిలోంచే పాఠకుడి కంటికి చేరుతుంది. లోపలి పేజీలో మీ పేరు కింద, చిన్న అక్షరాల్లోనే కానివ్వండి, ‘పాఠ రూపాంతరం’ అని ఒక పంక్తి వెయ్యండి. పేరు, సంవత్సరం, స్టైల్‌షీటు ఎక్కడ దొరుకుతుందో అంత చాలు. సమీక్షకులు పరిష్కరణని తూచినట్టే మా నియమాల్నీ తూచండి, తప్పుంటే తిట్టండి. కనపడితేనే కదా తిట్టేది.

పోయిన సంక్రాంతి తర్వాత నాకు కడప జిల్లా నుంచి ఒక ఫోన్ వచ్చింది. రిటైరైన తెలుగు అయ్యవారు, డెబ్బై దాటినాయన. చోఴుల సంపుటి పీడీఎఫ్‌ని ఊళ్ళో ప్రింటు తీయించుకుని, దారంతో కుట్టించుకుని, రోజుకో శాసనం చదువుతున్నారట. సంస్థకి ఫోన్ చేస్తే ఎవరో నా నంబరు ఇచ్చారు.

“నాయనా, ఈ చదరం గీతల్లో ఉండేది రాతిలో లేదా?” అని అడిగారు.

లేదండీ, రాయి విరిగింది, సంపాదకుడు ఊహించి పూరించారు అని చెప్పాను.

“గీతలు పెట్టింది కూడా ఆయప్పేనా?”

పూరణ ఆయనది, గీతలు వచ్చేలా చేసింది నేను అన్నాను. కాసేపు అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ముందు పేజీలు, వెనక పేజీలు, మళ్ళీ ముందు పేజీలు.

“నీ పేరు యాడా కనపళ్ళేదే,” అన్నారు. నేను ఏమీ అనలేదు. “ఉండు, పెన్ను తెచ్చుకుంటా,” అని వెళ్ళి వచ్చి, “మొదటి పేజీలో రాసుకుంటా. ఎట్ల రాయాల్నో ఒక్కొక్క అక్షరం చెప్పు నాయనా,” అన్నారు.